బొగ్గుల మధ్యాహ్నాలు

వానలు పట్టుకున్న వారానికి మా ఆవిడ రావడం మొదలుపెట్టింది. ఆవిడ పోయి నాలుగేళ్ళు. వచ్చేది మధ్యాహ్నం పూట, భోజనమయ్యాక, ఇస్త్రీ పెట్టెలో రెండో విడత బొగ్గులు వేసిన గంటకి.

మాది ఇస్త్రీ పని. వీధి చివర ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టర్ల తెల్లకోట్లు ఈ ఏడే నాకు ఒప్పజెప్పారు. రోజుకి నలభై. అంతకు ముందు వీధిలో వాళ్ళ చొక్కాలూ దుప్పట్లూ గుమ్మం బయట బల్ల వేసుకుని చేసేవాణ్ణి. తెల్లకోటుతో అది కుదరదు. పెట్టెకి పక్కన చిల్లులుంటాయి, లోపలి నిప్పు బతకడానికి. గాలి తగిలితే ఆ చిల్లుల్లోంచి నుసి లేస్తుంది. రంగు చొక్కా మీద పడితే దులిపితే పోతుంది. తడి తెల్లకోటు మీద పడితే నల్లచుక్కే. మళ్ళీ ఉతకాలి. మొదటి వారం ఆరు కోట్లు తిరిగొచ్చాయి.

దాంతో బల్ల గదిలోకి మార్చాను. కిటికీ బిగించాను. తలుపు కింద సందులో గోనెపట్టా కుక్కాను. పెట్టెలో నిప్పు ఆరితే వెంటనే వేసుకోవడానికి మూల కుంపట్లో బొగ్గులు ఎప్పుడూ ఎర్రగా ఉండేట్టు చూసుకున్నాను. నుసి ఎగరడం ఆగింది. ఆ తర్వాత ఒక్క కోటు తిరిగి రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గది చిన్నది. నాలుగు తాళ్ళు కట్టి కోట్లు వేలాడదీసేవాణ్ణి. బయట వాన. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతుంటే లోపలి వెలుతురు కూడా జారుతున్నట్టుండేది. తడిబట్ట మీద పెట్టె తోసినప్పుడల్లా ఆవిరి లేచి కోట్ల మధ్యకి పోయేది. తలల్లేని డాక్టర్లు నలభైమంది నా చుట్టూ నిలబడి, ఏదో చూసి, ఏమీ చెప్పకుండా ఊరుకున్నట్టుండేది.

ఆ రోజు ఆవిడ ఇస్త్రీ కాని మూట మీద కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు.

"కాలరు ముందు చెయ్యవయ్యా," అంది. "ఎన్నిసార్లు చెప్పాలి? ముసలాడివయ్యావు గానీ పని రాలేదు."

కాలరు ముందు చేశాను.

మేమిద్దరం ఇరవై తొమ్మిదేళ్ళు కలిసి పనిచేశాం. నీళ్ళు చిలకరించేది ఆవిడ, పెట్టె తోసేది నేను. నేను మాటల మనిషిని కాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ అవసరం పడలేదు. ఇద్దరి వంతూ ఆవిడే మాట్లాడేది. ఇప్పుడూ అంతే. బల్ల అవతల వేళ్ళు విదిలిస్తే నీళ్ళు కోటు మీద పడ్డాయి. చుక్కలు కనిపించాయి. పెట్టె పెడితే చుయ్‌మన్నాయి. నాకు భయమేమీ వేయలేదు. ఎందుకొచ్చావని అడగలేదు. అడిగితే లేచి వెళ్తుందేమోనని.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ.

తలనొప్పి కూడా అప్పుడే మొదలైంది. నుదుటి చుట్టూ తడిగుడ్డ బిగించి పిండినట్టు. సాయంత్రమయ్యేసరికి మోకాళ్ళలో పట్టు ఉండేది కాదు. వయసు అనుకున్నాను. మొహం మాత్రం ఎర్రగా, నిగనిగలాడుతూ ఉండేది.

ఎదురుగా వాచీలు బాగుచేసే కొట్టు ఉంది. ఆ వాచీలాయనా నేనూ చుట్టాలం కాకపోయినా ముప్ఫై ఏళ్ళుగా బావా అంటే బావా అనుకుంటాం. రోజూ ఒకసారి తొంగి చూస్తాడు.

"ఏం బావా, బుగ్గలు మెరుస్తున్నాయి! ఎవర్నన్నా చూసుకున్నావా ఏంటి?"

"కోట్లు చూసుకుంటున్నా."

"ఇదేం గదయ్యా, కోడి పొదిగే బుట్టలా ఉంది. పది నిమిషాలు కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోంది. నీ సోదివల్ల అనుకుందామంటే నువ్వు నోరు విప్పితేగా!"

అని ఆవులిస్తూ వెళ్ళిపోయేవాడు.

ఇంట్లో మేం ముగ్గురం. మావాడు సిటీబస్సు డ్రైవరు. పొద్దు పొడవకముందు వెళ్ళి దీపాలు పెట్టాక వస్తాడు. కోడలికి ఐదో నెల. ఆ పిల్ల గదికీ నా గదికీ మధ్య గోడ ఉంది గానీ అది పైకప్పు దాకా లేదు, నా గడ్డం ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. వాసనలూ మాటలూ దాని మీదుగా అటూ ఇటూ తిరుగుతుంటాయి. కోడలు కూడా తలనొప్పి అనేది. వాంతులయ్యేవి. చూసినవాళ్ళందరూ ఈ నెలల్లో మామూలే అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మా ఆవిడ ఏదో చెబుతోంది. వింటున్నాను. ఆ మాట సగంలో ఉండగానే నేల పైకి లేచి నా చెంపకి తగిలింది.

కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి బెంచీ మీద ఉన్నాను. కోడలూ, వాచీల బావా కలిసి రిక్షాలో వేసి తెచ్చారట. పెట్టె బల్ల మీదే ఉండిపోయి ఒక కోటు వీపు గోధుమరంగుకి తిరిగిందట. ముందు అది అడిగి తెలుసుకున్నాను.

చూసింది చిన్నవయసు డాక్టరమ్మ. వేసుకున్న కోటు నా చేతి మీదుగా వెళ్ళిందే. ఎడమ జేబు కుట్టు కొంచెం విడిపోయి ఉంటుంది, నాకు గుర్తే. నా వేలికి చిన్న క్లిప్పు తగిలించింది. అందులో ఎర్రదీపం వెలిగింది.

"తొంభై తొమ్మిది," అంది. "ఒంట్లో గాలి బాగానే ఉందంటోంది. బీపీ బాగుంది. షుగరు బాగుంది. మరెందుకు పడిపోయారు తాతగారూ?"

"ఏమో."

"తలనొప్పి ఎప్పుడొస్తుంది?"

"ఏమో."

"కళ్ళ ముందు ఏదన్నా లేనిది ఉన్నట్టు కనిపిస్తోందా? వినిపిస్తోందా?"

కోడలు మందుల చీటీ కోసం లైన్లో నిలబడి ఉంది. గదిలో మేమిద్దరమే.

"లేదు," అన్నాను.

డాక్టరమ్మ కలం మూసింది.

"అబద్ధం చెప్పే పేషెంట్లంటే నాకు భయం లేదు తాతగారూ. గుచ్చి గుచ్చి అడిగితే దొరికిపోతారు. అసలు చెప్పనివాళ్ళంటేనే భయం. ఎప్పుడు వస్తోంది, ఎక్కడున్నప్పుడు వస్తోంది, ఇంకెవరికి వస్తోంది. ఈ మూడూ తెలిస్తే రోగం సగం తెలిసినట్టే. మిషన్లు తర్వాత. ఇంటికెళ్ళి ఈ మూడూ ఆలోచించండి. మళ్ళీ రండి."

ఆసుపత్రిలో మూడు గంటలు పడుకోబెట్టారు. మంచం వరండాలో వేశారు. తలనొప్పి తీసేసినట్టు పోయింది. చూపు తేటపడింది. ఆవిడ మాత్రం రాలేదు. ఎప్పుడెప్పుడు ఇంటికి పోదామా అనిపించింది.

ఇంటికొచ్చాక డాక్టరమ్మ అడిగినవి ఆలోచించాను. ఎప్పుడు? పనిరోజుల్లో. ఆదివారం కోట్లు రావు, కుంపటి వెలిగించను, ఆదివారం ఆవిడ ఎప్పుడూ రాలేదు. తలా నొప్పెట్టలేదు. ఎక్కడ? గదిలో. ఇది నిజమో కాదో చూద్దామని మంగళవారం కిటికీ తెరిచి పనిచేశాను. నాలుగు కోట్ల మీద నుసి పడింది. ఆవిడ రాలేదు. బుధవారం మూశాను. గంటకల్లా మూట మీద కూర్చుని ఉంది.

"నిన్నేమైపోయావు?" అని అడిగాను.

"నువ్వే కదయ్యా రానివ్వంది," అంది.

అంటే డాక్టరమ్మ కంటే ముందే నాకు తెలిసింది. మూసిన గదిలో బొగ్గులు నాకు ఏదో చేస్తున్నాయి. ఆ చేసేదే తలనొప్పి, ఆ చేసేదే మా ఆవిడ. ఒకటి మానిపించుకుంటే రెండోదీ పోతుంది. నేను బేరం ఒప్పుకున్నాను. తలనొప్పికి బిళ్ళ వేసుకున్నాను. కూర్చుని పనిచేయడానికి స్టూలు తెచ్చుకున్నాను. కిటికీ తీయలేదు. మూడో ప్రశ్న మాత్రం నేను వేసుకోలేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో సరిగా చెప్పలేను. మెత్తగా గడిచాయి. వాన ఎక్కడో దూరాన పడుతున్నట్టుండేది. పెట్టె దానంతటదే కదిలేది, నా చెయ్యి దాని వెంట వెళ్ళేది. కోట్ల చేతులు ఒకదాన్నొకటి తట్టుకునేవి. మా ఆవిడ పాత సంగతులు చెప్పేది. మేం మొదటిసారి కొన్న పెట్టె పిడి ఎలా ఊడిపోయింది, మావాడు చిన్నప్పుడు బొగ్గు తిని పళ్ళు ఇకిలించి ఎలా నవ్వాడు. చిత్రమేమంటే అన్నీ నాకు తెలిసినవే. తెలియనిది ఒక్కటి కూడా చెప్పలేదు. అప్పుడది నాకు తట్టలేదు.

ఆ బుధవారంతో కలిపి పదకొండో రోజు గోడ అవతల కోడలి మాటలు వినిపించాయి. ఎవరితోనో నవ్వుతోంది.

"ఛీ, పో! గిలిగింతలు పెట్టకు!"

మావాడు డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. లేచి గోడ మీదుగా తొంగి చూశాను. లేవడానికే చాలాసేపు పట్టింది. కోడలు చాప మీద పడుకుని ఉంది. కళ్ళు సగం మూతపడ్డాయి. బుగ్గలు ఎర్రగా మెరుస్తున్నాయి.

"ఎవరమ్మా?" అన్నాను.

"మా మేకండీ మామయ్యా."

"ఏ మేక?"

"చిన్నప్పుడు పెంచాను కదా. నల్లమేక. వచ్చి పాదాలు నాకుతోంది చూడండి. మీరు పిలవకండి, మీరంటే దానికి భయం."

అని మళ్ళీ నవ్వింది. నవ్వు చివర్లో తల ఒక పక్కకి వాలిపోయింది. చాప అంచున వాంతి ఉంది. ఒక చెయ్యి పొట్ట మీద ఉంది.

నేను వెనక్కి తిరిగాను. మా ఆవిడ మూట మీదే ఉంది. కోటు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మడత సవరిస్తోంది. గోడ అవతల పిల్ల అలా పడి ఉంటే, చూడటం లేదు.

"ఏమే," అన్నాను. "కోడలు."

"కాలరు ముందు చెయ్యవయ్యా," అంది.

మా ఆవిడ ఎలాంటిదో నాకు తెలుసు. వీధిలో ఎవరికి నొప్పులొచ్చినా పొయ్యి మీద గిన్నె పొయ్యి మీదే వదిలేసి చెప్పుల్లేకుండా పరిగెత్తేది. మన పిల్ల, కడుపుతో ఉన్న పిల్ల, అలా వాలిపోతే నాకంటే ముందు గోడ దూకేది. ఇక్కడ కూర్చున్నది ఆవిడ కాదు. ఆ పిల్ల మేక ఎక్కడి నుంచి వచ్చిందో ఇదీ అక్కడి నుంచే వచ్చింది.

తలుపు దగ్గరికి వెళ్ళాను. కింద కుక్కిన గోనెపట్టా తడికి ఉబ్బి బిగుసుకుపోయింది. లాగితే తలుపు రాలేదు. కాళ్ళు పిండని బట్టల్లా బరువుగా వేలాడుతున్నాయి. ఇంకోసారి లాగితే పడిపోతానని తెలిసిపోయింది. పడితే లేవను. నేను లేవకపోతే ఆ పిల్లకి ఎవరూ లేరు.

పెట్టె పక్కనే బల్ల మీద ఉంది. ఏడు కిలోలు. రెండు చేతులా ఎత్తి కిటికీ మీదికి విసిరాను.

అద్దం పగిలింది. పెట్టె వీధిలో పడి మూత ఊడింది. నిప్పులు వానలో చుయ్యిమంటూ ఆరాయి. చల్లగాలి ఒక్క తోపున లోపలికొచ్చింది. కోట్లన్నీ ఒకేసారి ఊగాయి. మూట మీదికి చూశాను. అన్ని తెల్లచేతుల మధ్య ఆవిడ ఎటు పోయిందో కనిపెట్టలేకపోయాను.

"ఓరి నీ దుంపతెగ! నా కాళ్ళ మీద పడేది కదయ్యా!" బయట వాచీల బావ కేకలు.

"తలుపు తొయ్యి," అన్నాను. "కోడలు. కోడలు."

భుజం వేసి తోశాడు. ముందు కోడల్ని బయటికి మోసుకెళ్ళి వానలోనే కూర్చోబెట్టాం. తర్వాత అతను కుంపటి ఈడ్చుకెళ్ళి కాలవలో బోర్లించాడు.

ఆసుపత్రిలో నర్సు కోడలి వేలికి ఆ క్లిప్పే తగిలించింది.

"తొంభై తొమ్మిది. బాగానే ఉంది. నీరసం, అంతే. ఈ నెలల్లో ఇలాగే ఉంటుంది. గ్లూకోజు పెట్టి పంపిద్దాం."

డాక్టరమ్మ వచ్చింది. కోడల్ని చూసింది, నన్ను చూసింది. నేను వానలో తడిసి, అద్దం గీసుకున్న చేత్తో నిలబడి ఉన్నాను.

"ఆ అంకె నమ్మకండి," అన్నాను. "నేను చెప్తాను."

అంతా చెప్పాను. కోట్లు, నుసి, కిటికీ, గోనెపట్టా, కుంపటి. ఆదివారం, మంగళవారం, బుధవారం. పైకప్పు దాకా లేని గోడ. మేక. చివర మా ఆవిడ సంగతి కూడా. నాలుగేళ్ళలో మాట్లాడినవన్నీ కలిపినా అన్ని మాటలుండవు. మధ్యలో నర్సు ఏదో అనబోతే డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. నేను చెబుతూ ఉండగానే కోడలి ముక్కుకీ నోటికీ మాస్కు పెట్టి ఆక్సిజన్ తిప్పేసింది. తర్వాత మణికట్టు లోపలి వైపు నుంచి రక్తం తీసి పరీక్షకి పరుగున పంపింది. నాకూ తీసింది. నాకూ మాస్కు పెట్టింది.

మావాడు డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. డాక్టరమ్మ వాడికి చెప్పింది.

"బొగ్గు సరిగ్గా గాలాడకుండా కాలితే ఒక విషపు గాలి వస్తుంది. దానికి వాసనుండదు, రంగుండదు. మీరు బస్సు నడుపుతారు కదా, అలాగే అనుకోండి. రక్తంలో మంచిగాలి కూర్చోవాల్సిన సీట్లలో ఇది వచ్చి కూర్చుంటుంది. ఒక పట్టాన దిగదు. ఈ క్లిప్పు ఉంది చూశారూ, సీట్లు నిండాయా లేదా అనే చూస్తుంది. కూర్చున్నది ఎవరో దానికి తెలీదు. అందుకే తొంభై తొమ్మిది అంటుంది. రక్తం తీసి వేరే మిషన్లో పెడితేనే తెలుస్తుంది."

"ఎంత ఉంది?"

"ఈ అమ్మాయికి నూటికి పదిహేడు. మీ నాన్నగారికి ఇరవై నాలుగు. మామూలుగా రెండు, మూడు దాటకూడదు."

"కడుపులో..."

"బిడ్డ రక్తంలోంచి దిగడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. అందుకే తల్లికి బాగున్నా మాస్కు తీయను. గుండె కొట్టుకుంటోంది, వినండి. మిగతాది నేనిప్పుడు చెప్పలేను. స్కాన్లు తీస్తూ చూసుకోవాలి."

చిన్న మిషను పొట్ట మీద పెట్టింది. కుట్టుమిషను ఆపకుండా తొక్కుతున్నట్టు ఒక చప్పుడు. మావాడు గోడకి ఆనుకుని విన్నాడు. చప్పుడు ఆగాక నా మంచం దగ్గరికొచ్చాడు.

"నాన్నా, నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండు రోజులు. నాకొక్కడికే అనుకున్నాను."

వాడు అరిచినా బాగుండేది. వెళ్ళి వరండాలో నిలబడ్డాడు. డ్యూటీ చొక్కా వీపంతా ముడతలు పడి ఉంది.

డాక్టరమ్మ నా పక్కనే ఆగింది.

"ఆవిడ అబద్ధమా?" అని అడిగాను.

"మెదడుకి గాలి చాలకపోతే లోపల దాచుకున్నవి బయటేసుకుంటుంది తాతగారూ. లేనివాటిని ఎక్కడి నుంచో తేలేదు."

"అయితే ఇంక రాదు."

"అలా రాకూడదు."

మాస్కులో గాలి చల్లగా ఉంది. పీల్చిన కొద్దీ గది స్పష్టమైంది. గోడ మీద పగులు, కిటికీ ఊచలు, వాన తగ్గిన వీధి, అన్నీ ఎక్కడివక్కడ గట్టిగా ఉన్నాయి. ఎక్కడా ఖాళీ లేదు, ఎవరూ వచ్చి కూర్చోవడానికి. నేను తల గోడ వైపు తిప్పుకున్నాను.

"మామయ్యా," అంది పక్క మంచం మీంచి కోడలు. గొంతు మాస్కులోంచి చిన్నగా వచ్చింది. "ఏడుస్తున్నారా?"

"లేదు."

"నాకు మేక కనిపించినందుకు మీకు నవ్వు రావడం లేదా?"

"వస్తోంది."

"డాక్టరమ్మకి మీరు చెప్పేవన్నీ విన్నాను. కళ్ళు మూసుకున్నాను గానీ విన్నాను. ఈ ఇంటికొచ్చి రెండేళ్ళయింది. అత్తయ్య గురించి మీరు ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన్నడిగితే, నాన్ననడుగు అంటారు. మిమ్మల్నడిగితే మీరు ఏదో ఒక చొక్కా అందుకుని ఇస్త్రీ మొదలుపెడతారు. ఎలా ఉండేవారు?"

నేను ఆ పిల్ల వైపు తిరిగాను.

"ఈల వేసేది," అన్నాను.

"అత్తయ్యా? ఈలా?"

"రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని. వీధి చివర నేను సైకిలు మీద వెళ్తుంటే ఇంటి దగ్గర్నుంచి వేసేది. ఆడవాళ్ళు ఈలేంటని మా అమ్మ గోల."

"మీరేమనేవారు?"

"ఆగేవాణ్ణి."

కోడలు నవ్వింది. మాస్కు పక్కకి జారింది. నర్సు వచ్చి ఇద్దర్నీ కసిరి, రెండు మాస్కులూ బిగించి పోయింది. వరండాలో ఉన్న మావాడు మా మాటలకి ఇటు తిరిగాడు. లోపలికి రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చాడు.

"తర్వాత?" అంది కోడలు.

మాస్కు తీయకుండానే చెప్పడం మొదలుపెట్టాను.